మా వాడి తల కొలిచి, ఆ టేపుతోనే నా తల కూడా కొలిచారు. ఆటిజం, తల సైజు రెండూ నా పోలికేనా?

కొత్తనాన్న_గుంటూరు
మా వాడికి మూడేళ్ళ రెండు నెలలు. మాటలు పది దాటలేదు, అవి కూడా కావలసినప్పుడు రావు. కుక్కర్ మూత నేల మీద తిప్పి, అది ఆగేదాకా పక్కనే పడుకుని చూస్తాడు. పేరు పెట్టి పిలిస్తే పలకడు, పక్కింట్లో మిక్సీ వేస్తే మాత్రం చెవులు మూసుకుంటాడు. మూడు నాలుగు సార్లు తిరిగాక పోయిన వారం డాక్టర్ గారు ఆటిజం అని తేల్చారు. మేమూ కొంత అనుకుంటున్నదే.

తర్వాత ఆయన టేపు తీసి వాడి తల కొలిచారు. 53 సెంటీమీటర్లు. చార్టులో పై గీత దాటిపోయింది. అదే టేపుతో మా ఆవిడ తల కొలిస్తే 54. ఇక నన్ను రమ్మన్నారు. 61. టేపు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "తల మీదేనండీ, దీనికోసం ఇప్పుడే స్కానింగ్ అక్కర్లేదు" అన్నారు. మీకు మాటలు ఎప్పుడొచ్చాయి అని కూడా అడిగారు. మా అమ్మకి ఫోన్ చేస్తే నాలుగేళ్ళు దాటాక అంది. వస అరగదీసి తేనెలో నాకించారట. మాటలు వచ్చాక గుంటూరు నుంచి గుంతకల్లు దాకా రైల్వే స్టేషన్లు వరసగా చెప్పి, మళ్ళీ వెనక్కి చెప్పేవాణ్ణట. చొక్కా కాలర్ వెనక లేబుల్ ఇప్పటికీ కత్తిరించకుండా వేసుకోలేను.

ఇంట్లో పరిస్థితి: మా అత్తగారు "మా వైపు ఇలాంటివి లేవు" అని ఒక్క మాట అని ఊరుకున్నారు. మా అమ్మ "కడుపుతో ఉన్నప్పుడు ఫోన్ చూసింది" అని ఊరుకోకుండా అంటోంది. నాకు తెలియాల్సింది ఒక్కటే. తల నాది వచ్చింది కాబట్టి అదీ నా నుంచే వచ్చినట్టా? రెండూ ఒకే మూటలో వస్తాయా? ఇంకో బిడ్డ గురించి కూడా ఆలోచిస్తున్నాం.

హెల్మెట్_పట్టదు
61 కే ఇంత కంగారా అన్నా. నాది 62. హెల్మెట్ పెట్టుకుంటే చెవులు రెండూ లోపలికి మడతపడతాయి, చలానా వచ్చినా పర్లేదు అనిపిస్తుంది. మా అబ్బాయికీ నా తలే. వాడికి ఆటిజం లేదు, వాగుడు మాత్రం ఉంది.

కందిపొడి
ముందుగా మీ అమ్మగారికి చెప్పండి, ఫోన్ వల్ల రాదు. మా అత్తగారు నన్ను రెండేళ్ళు గ్రహణం పేరుతో తిట్టారు. ఆ రోజు నేను కూరగాయలు తరిగానట. తరిగింది ఆవిడే, నేను పడుకుని ఉన్నా.

మాఘమాసం
హెల్మెట్ అన్నా, మీ ఒక్క కుటుంబాన్ని చూపించి తల వేరు, ఆటిజం వేరు అనేస్తే ఎలా? మా బాబు తల కూడా పెద్దదే, వాడికి ఆటిజం ఉంది. మా ఆయనది, నాది మామూలు సైజు. మాకు స్కానింగ్ కూడా చేశారు, జన్యు పరీక్ష కూడా రాశారు. ఇంట్లో ఎవరికీ లేకుండా బిడ్డకి మాత్రమే తల పెద్దగా ఉంటే దారి వేరు అని చెప్పారు.

పాత_మాస్టారు
ముప్పై నాలుగేళ్ళు బడిలో పనిచేశాను. ఇలాంటి పిల్లలు ప్రతి తరగతిలో ఒకరో ఇద్దరో ఉండేవాళ్ళు. ఒకడు మొండివాడు, ఒకడు మెతకవాడు, ఒకడు లెక్కల పిచ్చివాడు. అంతే. ఎవరికీ పేరు పెట్టలేదు, ఎవరూ టేపు పెట్టి తలలు కొలవలేదు. అందరూ పెరిగారు, పెళ్ళిళ్ళయ్యాయి. ఇప్పుడు బిడ్డ కాస్త ఆలస్యంగా మాట్లాడితే చాలు థెరపీ అంటున్నారు, నెలకి వేలు గుంజుతున్నారు. తండ్రి నాలుగేళ్ళకి మాట్లాడి ఈ రోజు ఇంత చక్కగా రాస్తున్నాడుగా. కొడుకూ అంతే. కొంచెం ఓపిక పట్టండి.

కందిపొడి
మాస్టారూ, ఆ పిల్లలు పదో తరగతి దాకా మీ బడిలో మిగిలేవారా?

ల్యాబ్_మనిషి
జన్యు పరీక్షల విభాగంలో పని చేస్తాను. డాక్టర్ని కాను, మీ డాక్టర్ గారి మాటే ఫైనల్. నాకు తెలిసింది రాస్తాను.

తల సైజు ఎత్తు లాంటిది. చాలా జన్యువులు తలా కాస్త కలిస్తే వస్తుంది. అందుకే పిల్లల తల పెద్దగా కనిపిస్తే ముందు అమ్మానాన్నల తల కొలుస్తారు. ఇంట్లో ఒకరికి అలాగే ఉండి, బిడ్డ నడక అదీ బాగుండి, తల ఉన్నట్టుండి పెరిగిపోకుండా తన గీత వెంటే పెరుగుతుంటే అది వంశపు తల. మీ డాక్టర్ గారు చేసింది అదే. ఆటిజం ఉన్న పిల్లల్లో నూటికి పదిహేను ఇరవై మందికి తల పెద్దగా ఉంటుంది. మిగతా ఎనభై, ఎనభై ఐదు మందికి ఉండదు. పెద్ద తల ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఆటిజం ఉండదు. కాబట్టి ఒకే మూట కాదు. ఒకే బస్సులో రెండు మూటలు రావచ్చు, అంతే.

మాఘమాసం గారు చెప్పిన దారి కూడా నిజమే. తల బాగా పెద్దదిగా ఉండి ఆటిజం కూడా ఉంటే పీటెన్ అనే జన్యువు చూస్తారు. అందులో తేడా ఉంటే థైరాయిడ్, రొమ్ము గడ్డల మీద కన్నేసి ఉంచాలి కాబట్టి తెలిసి ఉండటం మంచిది. తల్లిదండ్రుల్లో ఒకరికి పెద్ద తల ఉందని ఆ పరీక్ష పూర్తిగా కొట్టిపారేయలేం, ఎందుకంటే అది కూడా తండ్రి నుంచో తల్లి నుంచో రావచ్చు. కొత్తనాన్న గారూ, మీ ఇంట్లో థైరాయిడ్ గడ్డలు, చిన్న వయసులో క్యాన్సర్లు ఎవరికైనా ఉంటే ఈసారి వెళ్ళినప్పుడు చెప్పండి.

ఆటిజం వంశంలో వస్తుందా అంటే, చాలావరకు అవును. 2019 లో డెన్మార్క్, ఫిన్లాండ్, స్వీడన్, ఇజ్రాయెల్, పశ్చిమ ఆస్ట్రేలియాల్లో 20 లక్షల మందికి పైగా పిల్లల లెక్కలు చూసి, ఆటిజంలో సుమారు 80 శాతం జన్యువుల పాత్ర అన్నారు. దీన్ని చాలామంది తప్పుగా చదువుతారు. మీ బిడ్డకి వచ్చే అవకాశం 80 శాతం అని కాదు. మనుషుల మధ్య ఉండే తేడాలో అంత భాగం జన్యువులది అని. అమ్మానాన్నల్లో లేకుండా బిడ్డలో కొత్తగా పుట్టే జన్యు మార్పులు కూడా ఉంటాయి. అంటే "జన్యువుల వల్ల" అన్నంత మాత్రాన "తండ్రి వల్ల" అని కాదు.

హెల్మెట్_పట్టదు
బస్సు, మూటలు బాగుంది. మా ఆవిడకి చదివి వినిపించా. "తల సంగతి సరే, అందులో ఏముందో కూడా రాయమను" అంది.

పుస్తకాలపురుగు
ఈ పోలికల గోల కొత్తది కాదు. 1943 లో లియో కానర్ అనే డాక్టరు అమెరికాలో పదకొండు మంది పిల్లల గురించి రాసినప్పుడే, అందులో ఐదుగురికి తల పెద్దది అని రాసుకున్నాడు. తల్లిదండ్రుల తీరు కూడా గమనించాడు. కానీ ఆ గమనిక తర్వాత దారి తప్పి, తల్లి ప్రేమ చూపక బిడ్డ ఇలా అయ్యాడు అనే వాదనగా మారింది. ఫ్రిజ్ లాంటి తల్లులు అనేవారు. 1964 లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్ట్ దాన్ని ఎదిరిస్తూ పుస్తకం రాశాడు. ఆయన కొడుక్కీ ఆటిజం ఉంది. 1977 లో బ్రిటన్‌లో 21 జతల కవలల్ని చూశారు. ఒకేలా పుట్టిన 11 జతల్లో నాలుగింట్లో ఇద్దరికీ ఆటిజం. ఒకే పోలిక లేని మామూలు కవలల 10 జతల్లో ఒక్క జతలో కూడా ఇద్దరికీ లేదు. అప్పటి నుంచే ఇది పుట్టుకతో వచ్చేది అన్న మాట నిలబడింది. మన అత్తగార్లకి ఆ కబురు ఇంకా చేరలేదు.

కందిపొడి
ఫ్రిజ్ లాంటి తల్లి! మా ఇంట్లో ఫ్రిజ్ పాడైతే బాగు చేయిస్తారు, నన్ను తిట్టారు.

నిజామాబాద్_పసుపు
మాది మేనరికం. మా ఆయన నాకు సొంత మేనత్త కొడుకు. బాబుకి ఆటిజం అన్నప్పటి నుంచి రెండు వైపులా ఒకటే కుటుంబం కాబట్టి "మీ వైపు, మా వైపు" అనే గొడవ లేదు, అది ఒక్కటే సుఖం. కానీ బయటివాళ్ళందరూ మేనరికం వల్లే అంటారు. నిజమా?

ల్యాబ్_మనిషి
కొన్నింటికి నిజం. ఇద్దరి దగ్గరా ఒకే పాడైన జన్యువు ఉంటేనే బిడ్డకి వచ్చే జబ్బులు కొన్ని ఉంటాయి. మేనరికంలో వాటి అవకాశం పెరుగుతుంది. ఆటిజంతో పాటు మూర్ఛ, ఎదుగుదల బాగా తగ్గడం లాంటివి ఉంటే డాక్టర్లు దాని గురించి తప్పకుండా అడుగుతారు. కానీ ఆటిజం ఉన్న పిల్లల్లో ఎక్కువమంది మేనరికం లేని ఇళ్ళవాళ్ళే. మీ బాబు విషయంలో పరీక్ష చేయకుండా ఎవరూ చెప్పలేరు, పక్కింటివాళ్ళు అసలే చెప్పలేరు.

డల్లాస్_బావమరిది
మాకు మేనరికం లేదు, కులం కూడా వేరు, ఖండం కూడా వేరు. మా ఆవిడది ఐర్లాండ్ మూలం. పాపకి ఆటిజం. మా అమ్మ అటు నెపం, వాళ్ళ అమ్మ ఇటు నెపం, వీడియో కాల్‌లో ఇద్దరికీ భాష రాదు కాబట్టి గొడవ ముదరలేదు.

విశాఖ_అక్క
కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మా బాబుకి ఎనిమిదేళ్ళు. పుట్టినప్పుడే చెవులు పెద్దవి, కాస్త బయటికి నిలబడి ఉండేవి. మా వాళ్ళందరూ "అచ్చం తాత చెవులు" అని మురిసిపోయారు. తాత అంటే మా అమ్మ వాళ్ళ నాన్న. ఆయన చెవులు ఊళ్ళో ఫేమస్. వాడికి మూడో ఏట ఆటిజం అన్నారు. చేతులు ఊపడం, కళ్ళు కలపకపోవడం, అదే మాట మళ్ళీ మళ్ళీ అనడం. థెరపీకి తిప్పాం. ఐదేళ్ళకి ఒక పెద్ద డాక్టరమ్మ వాణ్ణి చూసి, వాడి వేళ్ళు వెనక్కి వంచి చూసి, అరికాళ్ళు చూసి, నన్ను కూర్చోబెట్టి మా అమ్మ వైపు కుటుంబం మొత్తం కాగితం మీద గీయించింది. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్నా. నాన్న వైపు పెద్దగా అడగలేదు. మా ఆయనకి లోపల సంతోషం.

ఆమె అడిగిన ప్రశ్నలు రెండు. పెద్దవాళ్ళలో ఎవరికైనా చేతులు వణుకుతాయా? ఆడవాళ్ళలో ఎవరికైనా నెలసరి ముందే ఆగిపోయిందా?

నాకు ఒళ్ళు జలదరించింది. తాతకి అరవై రెండు దాటాక చేతులు వణకడం మొదలైంది. కాఫీ గ్లాసు నోటి దాకా వచ్చేసరికి సగం చొక్కా మీదే. నడిస్తే కాళ్ళు ఎడంగా వేసేవాడు, తూలేవాడు. తాగాడేమో అనుకునేవాళ్ళు, జన్మలో తాగలేదు ఆయన. పార్కిన్సన్స్ అని మాత్రలు వాడారు, గుణం కనిపించలేదు. ఇక మా పిన్నికి ముప్పై ఆరేళ్ళకే నెలసరి ఆగిపోయింది. పిల్లల్లేరు. ఆ విషయం ఇంట్లో గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు, ఎవరి దిష్టో అనేవాళ్ళు.

ఫ్రజైల్ ఎక్స్ అనే జన్యు జబ్బు ఉందేమోనని పరీక్ష రాసింది. ఎఫ్ఎంఆర్1 అనే జన్యువులో మూడక్షరాల ముక్క ఒకటి మళ్ళీ మళ్ళీ వస్తుంటుంది. 55 నుంచి 200 దాకా ఉంటే క్యారియర్. ఆ వణుకు, ముందే ఆగిపోయే నెలసరి క్యారియర్లలో కొందరికి వచ్చేవేనట. 200 దాటితే ఆ జన్యువు పని ఆగిపోతుంది. తాతకి 84. అమ్మకి 86. నాకు 105. మా వాడికి 200 దాటిపోయింది. తల్లి నుంచి బిడ్డకి దిగేటప్పుడు పెరుగుతుందట. తండ్రి క్యారియర్ అయితే కూతుళ్ళందరికీ ఇస్తాడు, కొడుకులకి ఒక్కరికీ ఇవ్వడు. అందుకే మా మావయ్య పిల్లలు హాయిగా ఉన్నారు. "మా వంశంలో లేదు" అని మావయ్య చెప్పింది ఆయన వరకు నిజమే.

నాకు ఇప్పటికీ వింతగా అనిపించేది చెవులు. తాతకి ఉన్న 84 తో మామూలుగా చెవులు అలా అవ్వవు, అవి ఆయన సొంత చెవులు అయి ఉండొచ్చు అంది డాక్టరమ్మ. వాడి చెవులు మాత్రం జబ్బువి కావచ్చు. మేమేమో రెండింటికీ ముడిపెట్టి మురిసిపోయాం. నిజంగా తాత నుంచి దిగింది వణుకు వెనకాల ఉన్నది. అది వాడి ముఖంలో ఎక్కడా లేదు.

కొత్తనాన్న_గుంటూరు
అక్కా, రెండుసార్లు చదివా. మా మామగారికి చేయి కొంచెం వణుకుతుంది. మా ఆవిడ వాళ్ళ నాన్న. ఇప్పుడు నాకు కొత్త టెన్షన్.

విశాఖ_అక్క
తమ్ముడూ, వణికే తాతలందరూ మా తాతలు కారు. వయసుకి వచ్చేవి, షుగర్‌తో వచ్చేవి, వంద ఉంటాయి. అడిగి చూడు, అంతే.

ల్యాబ్_మనిషి
అక్క రాసింది బంగారం. ఆటిజం ఉన్న పిల్లల్లో ఫ్రజైల్ ఎక్స్ తేలేది నూటికి ఒకటి నుంచి మూడు మందికే, కానీ తేలితే కుటుంబం మొత్తానికి పనికొస్తుంది. ఒక జాగ్రత్త: చాలామంది జన్యువులన్నీ ఒకేసారి చదివే ఖరీదైన ఎక్సోమ్ పరీక్ష చేయించి, అందులో ఏమీ రాలేదని ఫ్రజైల్ ఎక్స్ కూడా లేదనుకుంటారు. ఎక్సోమ్‌లో ఈ లెక్క సరిగ్గా దొరకదు. దీనికి విడిగా పరీక్ష ఉంది, ధర కూడా దానికంటే బాగా తక్కువ. ముఖం చూసి తేల్చడం కూడా కుదరదు. పొడుగు ముఖం, పెద్ద చెవులు ఎక్కువగా యవ్వనం వచ్చాక స్పష్టమవుతాయి. మూడేళ్ళ పిల్లల్లో చాలామంది మామూలుగానే ఉంటారు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరీక్షల సంస్థలో, నిమ్స్ ఆసుపత్రి జెనెటిక్స్ విభాగంలో ఇలాంటి కుటుంబాలకి సలహా ఇచ్చేవాళ్ళు ఉన్నారు.

మాఘమాసం
ఎక్సోమ్ గురించి ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. సరే.

లెక్కల_పిల్ల
నాకు 34. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. రెండేళ్ళ క్రితం నాకు ఆటిజం అని తేలింది. అక్క కొడుక్కి పరీక్ష చేయించడానికి తోడు వెళ్ళాను. వాళ్ళు అక్కని అడిగే ప్రశ్నలన్నింటికీ లోపల నేను జవాబులు చెప్పుకుంటున్నాను. మునివేళ్ళ మీద నడిచేవాడా? నడిచేదాన్ని. బెండకాయ జిగురు తగిలితే వాంతి చేసుకుంటాడా? ఇప్పటికీ. బొమ్మలతో ఆడతాడా, వరసలో పెడతాడా? మాటలు మాత్రం నాకు ముందే వచ్చాయి, మార్కులు వచ్చేవి, ఆడపిల్ల కాబట్టి "సిగ్గరి" అని సరిపెట్టారు.

ఇక్కడ అందరూ తల, చెవులు అంటున్నారు. మా ఇంట్లో బొటనవేలు. నా బొటనవేలు వెనక్కి వంచితే మణికట్టుకి తగులుతుంది. నాన్నదీ అంతే. చిన్నప్పుడు అది మా ఇద్దరి సర్కస్. పాదాలు కూడా బల్లపరుపు, ఇద్దరికీ చెప్పులు ఒకే వైపు అరుగుతాయి. కీళ్ళు ఇలా వదులుగా ఉండటం ఆటిస్టిక్ మనుషుల్లో ఎక్కువ కనిపిస్తుందని పరిశోధనల్లో ఉంది. నాన్నకి ఎవరూ పరీక్ష చేయలేదు, చేయించుకోమని నేను అడగను కూడా. అన్నంలో పప్పు, పప్పు తర్వాత కూర, కూర తర్వాత చారు. చారు ముందొస్తే లేచిపోతాడు. ముప్పై ఏళ్ళుగా కరెంటు బిల్లుల యూనిట్లు డైరీలో రాస్తున్నాడు. పెళ్ళిళ్ళకి వెళ్ళి, అక్షింతలు వేసి, భోజనం చేయకుండా బస్టాండులో కూర్చుంటాడు. అమ్మ జీవితమంతా దాన్ని పొగరు అనుకుంది.

పాత మాస్టారూ, మీరు చెప్పిన ఆ పిల్లలు పెరిగారు, నిజమే. పెళ్ళిళ్ళు కూడా అయ్యాయి. ఆ ఇళ్ళల్లో ఎలా బతికారో అడిగారా ఎప్పుడైనా?

పాత_మాస్టారు
అడగలేదమ్మా. కందిపొడి గారి ప్రశ్నకి కూడా జవాబు చెప్పలేదు నేను. మిగిలేవారు కాదు. ఏడు ఎనిమిదిలో ఆగిపోయేవారు చాలామంది. ఒకడు ఉండేవాడు, ముఖం వైపు చూసి మాట్లాడడు. లెక్క సరిగ్గా చేసేవాడు, ఎలా చేశావంటే గోడ వైపు చూసేవాడు. చూడమని కొట్టాను. ఒకసారి కాదు. వాళ్ళ నాన్న బడికొచ్చి తలవంచుకుని నిలబడ్డాడు, ఆయనా నా ముఖం చూడలేదు. అప్పుడు భయపడుతున్నాడు అనుకున్నాను.

థెరపీ పేరుతో డబ్బు గుంజేవాళ్ళున్నారన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

కందిపొడి
అది వెనక్కి తీసుకోవద్దు మాస్టారూ. "నూరు శాతం తగ్గిస్తాం" అని బోర్డు పెట్టిన చోట నేను పద్నాలుగు నెలలు కట్టాను.

నిజామాబాద్_పసుపు
ఎవరైనా యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), నిరామయ ఆరోగ్య ఇన్సూరెన్స్ గురించి చెప్తారా? సర్టిఫికెట్‌కి ఎక్కడికి పోవాలి?

పుస్తకాలపురుగు
దానికి వేరే చర్చ నడుస్తోంది అక్కా, అక్కడ అడగండి, ఇక్కడ తలలు కొలుస్తున్నాం. క్లుప్తంగా: వికలాంగుల హక్కుల 2016 చట్టంలో ఆటిజం ఉంది, సర్టిఫికెట్ ప్రభుత్వ మెడికల్ బోర్డు ఇస్తుంది. నిరామయలో వైద్య ఖర్చులకి ఏడాదికి లక్ష దాకా.

హెల్మెట్_పట్టదు
కొత్తనాన్న అన్నా ఏమైపోయారు? రెండో బిడ్డ సంగతి కూడా ఎవరూ చెప్పలేదు పాపం.

ల్యాబ్_మనిషి
మొదటి బిడ్డకి ఆటిజం ఉంటే తర్వాతి బిడ్డకి వచ్చే అవకాశం సుమారు ఐదింట ఒకటి అని ఇలాంటి కుటుంబాల పిల్లల్ని పుట్టినప్పటి నుంచి చూసిన అధ్యయనాల్లో తేలింది. మగపిల్లవాడైతే ఇంకొంచెం ఎక్కువ. పరీక్షలో ఏదైనా ఒక జన్యువు దొరికితే ఈ లెక్క మారిపోతుంది. అందుకే ముందు పరీక్ష, తర్వాత నిర్ణయం అంటారు.

కొత్తనాన్న_గుంటూరు
నాలుగు వారాలైంది, రాయడం కుదరలేదు. ఫ్రజైల్ ఎక్స్ రిపోర్టు వచ్చింది, 30. మామూలే. మామగారి వణుకు థైరాయిడ్ వల్ల అట, మాత్రలు మొదలుపెట్టారు. అది గడ్డ కాదని కూడా అడిగి తెలుసుకున్నా. ఈ చర్చ లేకపోతే ఆయన డాక్టర్ దగ్గరికి వెళ్ళేవారు కాదు. పీటెన్ కూడా చేయిద్దామన్నారు, శాంపిల్ ఇచ్చాం. రెండో బిడ్డ మాట ఆ రిపోర్టు వచ్చాకే.

మొన్న మా పెళ్ళి ఆల్బమ్ తీశాం, నాన్న తల చూద్దామని. ఆయన పోయి ఆరేళ్ళు. ఫోటోలో తెలియలేదు గానీ మా బాబాయి ఒక సంగతి చెప్పాడు. నాన్న పెళ్ళిలో బాసికం దారం తల చుట్టూ చాలక, పురోహితుడు కంకణం దారం ముక్క కలిపి ముడేశాడట. నా పెళ్ళిలోనూ అదే జరిగింది, మా ఆవిడ అందరికీ చెప్పి నవ్వేది. నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడా అని అడిగితే బాబాయి కాసేపు ఆలోచించి, "ఎప్పుడు మొదలుపెట్టాడో తెలీదు గానీ, పెద్దయ్యాక కూడా పెద్దగా మాట్లాడలేదుగా" అన్నాడు.

మా అమ్మ ఇప్పుడు ఫోన్ మాట ఎత్తడం మానేసింది. నాన్న గురించి ఏదో అనబోయి ఆగిపోతోంది, నేనూ అడగట్లేదు. తల కొలిచే టేపు ఒకటి కొన్నాం, అది వాడు లాక్కున్నాడు. ఇంట్లో గిన్నెలన్నీ కొలుస్తున్నాడు, కుక్కర్ మూత రోజుకి మూడుసార్లు.

లెక్కల_పిల్ల
మూత కొలత ఒక్కటే వస్తోందా అని చూస్తున్నాడేమో. నేనైతే అందుకే కొలుస్తా.

హెల్మెట్_పట్టదు
దారం కలిపి ముడేయడం నా పెళ్ళిలోనూ జరిగింది, అది మా పురోహితుడి పిసినారితనం అనుకున్నా ఇన్నాళ్ళూ. అన్నా, గుంటూరులో 62 హెల్మెట్ దొరికే షాపు ఏదైనా ఉంటే చెప్పండి, మా వాడికి కూడా వచ్చే ఏడాది బండి నేర్పాలి.